తోక చూసి ఎక్కే బండి

మార్కాపురం వైపు వెళ్లొచ్చానంటే మా తెనాలిలో అందరూ ఒకటే అడిగారు: "అక్కడ ఏముందని వెళ్లారండీ?" రాళ్లున్నాయని చెప్పాను. నవ్వారు. నేను బడిపంతుల్ని. ఇరవై ఏళ్లలో మా పిల్లలు పగలగొట్టిన పలకలు పోగేస్తే బడికి ప్రహరీ కట్టొచ్చు. ఆ పలకలు పుట్టే చోటు ఒకసారి చూసి, అటునుంచి అటే రైల్లో నల్లమల కొండలు దాటి నంద్యాల చేరి, మహానందిలో కార్తీక స్నానం చేసి రావాలని సెలవు పెట్టి బయలుదేరాను. పలకలు చూశాను, స్నానమూ చేశాను. కానీ ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఆ రెంటికీ మధ్య జరిగినదాని కోసం.

మార్కాపురం

మార్కాపురం రోడ్డు అని స్టేషనుకు పేరు పెట్టినవాడు నిజాయితీపరుడు. అక్కడ ఉన్నది రోడ్డే, ఊరు ఇంకా చాలా దూరం. జట్కా అతను రెండణాలు అడిగాడు. బేరం ఆడబోయాను. "నడిస్తే ఊరికే సామీ" అన్నాడు. నోరు మూసుకుని ఎక్కాను.

ఊరి బయట పెద్ద పెద్ద గోతులు. వాటిలో ఆడా మగా కూర్చుని నల్లటి బండల్ని విడదీస్తున్నారు. అంచున ఉలి పెట్టి చిన్న దెబ్బ వేస్తే చాలు, ఉల్లిపాయ పొర ఊడినట్టు రాయి పలకగా ఊడి వస్తుంది. నేను ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. ఉలి పట్టుకున్న ఒకావిడ తలెత్తి, నేనేం చేస్తుంటానని అడిగింది. బడిపంతుల్నని చెప్పి, మా పిల్లలు వారానికో పలక పగలగొడతారని ఫిర్యాదు చేశాను.

"పగలగొట్టనీ సామీ, కొట్టబాక. వాళ్లు పగలగొడితేనే మాకు బువ్వ" అంది.

ఇన్నేళ్లలో పలకల కోసం నేను వేసిన బెత్తం దెబ్బలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ పూట పూటకూళ్ల ఇంట్లో భోజనం అణాన్నర. మా వైపు వరి తప్ప మరొకటి అన్నమే కాదనుకుంటాం. ఇక్కడ కొర్రబువ్వ, ఉలవచారు, చెనక్కాయల పచ్చడి పెట్టారు. ఆ పచ్చడి కారానికి నా కళ్లలోంచి నీళ్లు కారుతుంటే, వడ్డించే పెద్దావిడ నాకేదో కష్టం వచ్చిందనుకుని కొంగుతో తనూ కళ్లొత్తుకుని ఇంకొంచెం వేసింది.

కంభం

కంభం చెరువు చూడమని అందరూ చెబితే, చెరువే కదా అని వెళ్లాను. కట్టెక్కి చూశాను. కొండకూ కొండకూ మధ్య కట్ట వేసి ఆపిన నీళ్లు. కార్తీకం కనుక నిండుగా ఉంది. అవతలి ఒడ్డు కనపడదు. పేరు తెలియని మనుషులెవరో తట్టలతో మట్టి మోసి ఇంత నీటిని నిలబెట్టారన్న ఆలోచనతో కట్ట మీదే కూర్చుండిపోయాను.

ఆ మైకంలోనే స్టేషనుకు వస్తే బండి లేదన్నారు. ఎప్పుడొస్తుందంటే తెలియదన్నారు. సమ్మె.

సంగతి ఇది. గిద్దలూరు దాటాక బండి నల్లమల ఎక్కి, సొరంగం దూరి, అవతలికి దిగాలి. దాన్నే ఘాటు అంటారు. ఆ దిగుడులో బండి జారిపోకుండా పెట్టెల మధ్య అక్కడక్కడా బ్రేకు మనుషులు కూర్చుంటారు. ఇంజను ఒక కూత వేస్తే చేతి చక్రం తిప్పి బ్రేకు బిగిస్తారు, రెండు కూతలు వేస్తే వదులుతారు. అందరికన్నా పెద్దవాడు చివరి పెట్టెలో ఉంటాడు. కంపెనీవారు కొత్తగా గొట్టం బ్రేకు పెట్టారు. ఇంజనులో డ్రైవరు ఒక పిడి తిప్పితే చాలు, మొత్తం బండి ఆగుతుందట. కనుక బ్రేకు మనుషులు ఇక అక్కర్లేదు, మూటలు మోసే పనికి పోండి అన్నారు. మనిషి లేకుండా ఘాటులో బండి నడవకూడదని వాళ్లు, వాళ్లతోపాటు ఈ లైనులో పనివాళ్లందరూ పని మానేసి కూర్చున్నారు.

నాకు వాళ్ల మీద కోపం వచ్చిందని దాచకుండా చెప్పాలి. వాళ్ల కొలువుల కోసం నా కార్తీక స్నానం ఆగాలా అనుకున్నాను.

గిద్దలూరు దారిలో

కంభంలో పసుపు కొని ఎద్దుబండి మీద గిద్దలూరు తీసుకుపోతున్న సుబ్బయ్య శెట్టి అనే వర్తకుడు నన్ను ఎక్కించుకున్నాడు. మామూలుగా ఆయన సరుకు రైల్లో పోతుంది. నష్టపోయినవాడు కదా, నాతో కలిసి సమ్మెవాళ్లను తిడతాడనుకుని మొదలుపెట్టాను. ఆయన కలవలేదు.

"అయ్యవారూ, మీ వైపు రైలొస్తే ముందు ఏంది చూస్తారు?"

"ఇంజను."

"మేం తోక చూస్తాం. చివరి పెట్టెలో బ్రేకు మనిషి కూర్చోని ఉంటే ఎక్కుతాం. లేకుంటే ఎక్కం. మా నాయన నాకు అట్ల నేర్పినాడు, నేను నా పిల్లోళ్లకు నేర్పినాను. మా ఇంటి ఆడోళ్లు కొండ అవతలికి పోయేటప్పుడు చివరి పెట్టె మనిషికి ఒక సంకటి ముద్ద మూటగట్టి ఇచ్చిగానీ ఎక్కరు. కొండ మధ్యలో ఆయన దిగి తినేదానికి లేదు కదా."

"గొట్టం బ్రేకు వచ్చిందిగా."

"గొట్టానికి ముద్ద ఎట్ల పెట్టాల?" అని ఎద్దుల్ని అదిలించాడు.

శెట్టిగారు వ్యాపారానికి తగ్గ మనిషి కాదనుకున్నాను. దారిలో జల్లు పడింది. పసుపు బస్తాల మీద నిద్రపోయాను. గిద్దలూరులో దిగేసరికి నా పంచె పెళ్లికొడుకు పంచెలా ఉంది. స్టేషను దగ్గర ఇద్దరు ముసలమ్మలు పెళ్లికూతురేదని అడిగారు కూడా.

గిద్దలూరు

రెండు రోజులు అక్కడే పడి ఉన్నాను. నల్లమల సీతాఫలాలు గంప అణా. అంత తీపి పండు నేను తినలేదు. మా వైపు అమ్మే సీతాఫలాలు వీటి ముందు గింజల సంచులు. పొద్దస్తమానం పళ్లు తింటూ, స్టేషను కంచె అవతల చెక్క దిమ్మెల మీద కూర్చున్న బ్రేకు మనుషులతో వాదన వేసుకునేవాణ్ణి.

వాళ్లు అయిదుగురు. అందరిలో పెద్దవాడు ఖాసిం సాయిబు, గడ్డం నెరిసినవాడు. చిన్నవాడు యోసేపు, అర్ధవీడు దగ్గర క్రైస్తవ మిషను పల్లెవాడు, పాతికేళ్లుంటాయి. స్టేషను పక్క రైలు వాళ్ల ఇళ్లలోనే తల్లి సుందరమ్మతో, భార్య రూతమ్మతో ఉంటాడు. రూతమ్మకు తొలికాన్పు, నెలలు నిండాయి. అందుకని ఆ పిల్లవాడు మాట్లాడుతూ మాట్లాడుతూ ఇంటివైపు చూసేవాడు.

"కంపెనీలో ఇంజనీర్లు చదువుకున్నవాళ్లు కదయ్యా, వాళ్లకు తెలియదా?" అన్నాను ఖాసింతో.

"తెలుసు అయ్యవారూ. గొట్టం మంచిదే. దాన్ని నేను తిట్టలేదు. కానీ వానకు పట్టా తడిస్తే చక్రం కింద ఇనుం అరుపు మారతాది. ఆ అరుపు నాకు తెలుస్తాది. గొట్టానికి చెవులు యాడున్నాయి?" అని అరచేతులు చూపించాడు. అరిగిన చెప్పుల్లా ఉన్నాయి అవి. "గొట్టమూ ఉండనీ, మనిషీ ఉండనీ. మేం అడిగేది అంతే."

నేను గంపలోంచి ఇంకో పండు తిన్నాను.

ఖాళీ బండి

మూడోనాటి ఉదయం కూత వినపడింది. కంపెనీవారు ఎక్కడినుంచో ఒక డ్రైవర్ని, ఒక గార్డుని తెచ్చి బండి నడిపించారు. నేను సంచి పట్టుకుని పరుగెత్తి, మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు సంపాదించాను. ఇంత రద్దీ లైనులో కిటికీ పక్క చోటా అని నా చురుకుదనానికి నేనే మురిసిపోయాను. కాసేపటికి చూస్తే పెట్టెలో నేనొక్కణ్ణే. తల బయటపెట్టి చూస్తే బండి మొత్తంలో నేనొక్కణ్ణే.

ప్లాట్‌ఫారం నిండా జనం ఉన్నారు. మూటలతో, పిల్లలతో నిలబడి ఉన్నారు. అందరూ బండి తోక వైపు చూస్తున్నారు. బ్రేకు మనుషులు కూర్చునే చోట్లన్నీ ఖాళీ. గంట కొట్టారు, ఒక్కరూ కదల్లేదు. స్టేషను మాస్టరు బతిమాలాడు. "టికెట్టు కొన్నారు కదమ్మా" అన్నాడు. "కొన్నాం నాయనా, ఉండనీ" అంది ఒక ముసలమ్మ, సంకటి మూట ఒళ్లో పెట్టుకుని. శెట్టి నా కిటికీ కిందికి వచ్చి, "దిగండి అయ్యవారూ, రాత్రి వానకు తడిసింది ఘాటు" అన్నాడు. పొగరు నన్ను దిగనివ్వలేదు. భయం కూర్చోనివ్వలేదు.

అప్పుడే స్టేషను వెనకనుంచి నలుగురు ఆడవాళ్లు నులకమంచం మోసుకొచ్చారు. మంచం మీద రూతమ్మ. ముందు సుందరమ్మ. నిన్న రాత్రి నుంచీ నొప్పులట, బిడ్డ అడ్డం తిరిగిందట, మంత్రసాని చేతులెత్తేసింది. నంద్యాలలో డాక్టరమ్మ ఉంది. ఎద్దుబండి మీద అడవి దాటి పోవాలంటే రెండు రోజులు. అంతసేపు ఆ పిల్ల ఆగదు. ఉన్నది ఈ బండి ఒక్కటే.

మంచాన్ని నేనున్న పెట్టెలోకే ఎక్కించారు. నేను లేచి మూలకు పోయాను. రూతమ్మ అరవడం కూడా మానేసింది, పెదవి కొరుక్కుని పైకప్పు చూస్తోంది. సుందరమ్మ కిటికీలోంచి కంచె వైపు చూసింది. అక్కడ యోసేపు నిలబడి ఉన్నాడు. పనిలోకి పోమని అయిదుగురూ ఒకరికొకరు చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నవాళ్లు. ఆమె కొడుకును రమ్మనలేదు. ఒక్క మాట మాత్రం అంది: "మేం పోతాన్నాం నాయనా. దేవుడున్నాడు."

యోసేపు కంచె పట్టుకుని ఖాసిం ముఖం చూశాడు. ఆ పిల్లవాడి ముఖం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

ఖాసిం దిమ్మె మీదనుంచి లేచాడు. "మనం సమ్మె కట్టింది బండి ఆపాలనా? బండిలో మనిషి ఉండాలని. లేయండి" అన్నాడు. కంపెనీ కోటు విప్పాడు, ఇత్తడి బిళ్ల విప్పాడు, రెండూ కంచెకు తగిలించాడు. "ఇది కంపెనీ పని కాదు. జీతం లేదు, కోటు లేదు. కొండ దిగినాక దిగిపోదాం. సమ్మె సమ్మెగానే ఉంటాది." మిగిలిన నలుగురూ కోట్లు విప్పి తగిలించారు. ఉత్త చొక్కాలతో కంచె దాటి వచ్చి, ఎవరి చోట వాళ్లు ఎక్కారు. ఖాసిం చివరి పెట్టె మెట్లెక్కి చక్రం మీద చెయ్యి వేశాడు.

గార్డు వాళ్లను అడ్డుకోలేదు, ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఈ కొండ ఎన్నడూ ఎరగని ఆ కొత్త డ్రైవరు ఇంజను దిగి తోకదాకా నడిచివెళ్లి, ఖాసింకి దణ్ణం పెట్టి వచ్చాడు. అది నా కళ్లతో చూశాను.

తర్వాత జరిగినది ఎలా చెప్పాలో తెలియదు. తోక నిండిందని ఒకరన్నారు. అంతే, ప్లాట్‌ఫారం మీద ఉన్న జనమంతా తోపులాట లేకుండా, మాట్లాడుకోకుండా, ఎవరింట్లోకి వాళ్లు పోతున్నట్టు బండెక్కారు. ముసలమ్మ సంకటి మూట తీసుకెళ్లి ఖాసిం చేతికిచ్చి వచ్చి నా పక్కన కూర్చుంది. ఇంతమంది కలిసి ఒక్క మనిషిని అంతగా నమ్మడం నేను అంతకుముందు చూడలేదు.

ఘాటు

దిగువమెట్ట దాటాక అడవి రెండు పక్కలా కిటికీల దగ్గరకు వచ్చేసింది. వాన వెలిసిన ఆకుల మీద ఎండ. బండి రొప్పుతూ ఎక్కింది. సొరంగంలో చీకటి కమ్మి పొగ నిండినప్పుడు, రూతమ్మ చెయ్యి దొరక్క వెతుకుతుంటే నా చెయ్యి దొరికింది. అలాగే పట్టుకుంది. నేను విడిపించుకోలేదు.

సొరంగం దాటగానే దిగుడు. ఒక కూత. అయిదు చోట్ల అయిదు చక్రాలు తిరిగిన చప్పుడు. చక్రాల కింద ఇనుము కీచుమని, మాడిన వాసన కిటికీల్లోకి వచ్చింది. రెండు కూతలు, వదిలారు. మళ్లీ ఒకటి. నాకు కొద్దిసేపట్లోనే లెక్క పట్టుబడింది, కూత విన్నప్పుడల్లా నేనూ పిడికిళ్లు బిగించసాగాను. నాతోపాటు పెట్టెలో అందరూ అదే చేస్తున్నారని తర్వాత గమనించాను.

ఒక మలుపులో ఇంజను కూత వేయనే లేదు. అయినా వెనకనుంచి చక్రం తిరిగిన చప్పుడు వినిపించింది. ఖాసిం తనంత తానే బిగించాడు. అది విని ముందున్న యోసేపు, అతని ముందువాళ్లు బిగించారు. బండి వణికి, నెమ్మదించింది. అప్పుడు ఇంజను గాభరాగా పొడుగాటి కూత వేసింది. గొట్టం అతుకు ఒకటి ఊడి గాలి పోయిందనీ, పిడి తిప్పితే బండి ఆగలేదనీ కొండ దిగాక గాజులపల్లె స్టేషనులో డ్రైవరు చెబితే తెలిసింది. ఆ క్షణాన మాకు తెలిసింది ఒకటే, బండి దొరబావి వంతెన మీదికి నడకలా నెమ్మదిగా వచ్చింది. కిటికీలోంచి చూస్తే కింద భూమి లేదు. చెట్ల తలలు కొత్తిమీర కట్టల్లా చాలా లోతున కనిపించాయి. సుందరమ్మ ప్రభువు పాట పాడుతోంది, శెట్టి నరసింహస్వామిని తలుచుకుంటున్నాడు, ముసలమ్మ ఊరికే కళ్లు మూసుకుంది. నేను కిటికీలోంచి వెనక్కి చూశాను. వంపులో తోక పెట్టె కనిపించింది. నెరిసిన గడ్డం ఆయన కాళ్లు తన్నిపెట్టి, ఒళ్లంతా చక్రం మీద వాల్చి, చెవి ఒగ్గి వింటున్నాడు. ఆ కొండా, ఆ లోయా, వాటి మధ్య ఆ మనిషీ. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో చెప్పలేను, భయం వల్ల మాత్రం కాదు.

గాజులపల్లె

కొండ అయిపోయింది. బండి ఆగగానే అయిదుగురూ దిగిపోయారు. యోసేపు పరుగున వచ్చి భార్యను చూశాడు. బండిలోనే ఉండి నంద్యాలదాకా రమ్మని మేం అతనికి చెప్పాం. అతను ముందు కౌంటరు దగ్గరకు వెళ్లి, మొలలో ఉన్న చిల్లర తీసి నంద్యాలకు టికెట్టు కొనుక్కుని వచ్చి ఎక్కాడు. కంపెనీ పాసు ఉన్నవాడు టికెట్టు కొనడమేమిటంటే, "నేను ఇప్పుడు కంపెనీ మనిషిని కాదు కదా అయ్యవారూ" అన్నాడు. మిగిలిన నలుగురూ తిరుగు బండి ఎక్కరట. అడవి దారిన పట్టాల వెంట గిద్దలూరుదాకా నడిచిపోతామన్నారు.

నేను దిగి వాళ్లందరి పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్లు అడిగి నా నోటుబుక్కులో రాసుకున్నాను.

"పేర్లు ఎందుకు అయ్యవారూ?" అన్నాడు ఖాసిం.

"మంచి పని చేసినవాళ్ల పేర్లు నలుగురికీ తెలియాలి కదా."

"వద్దులే" అన్నాడు. అది వినయమనుకున్నాను.

నలుగురూ సంకటి మూట పంచుకుని తింటూ కొండ వైపు నడిచిపోయారు. కనిపించినంతసేపు చూశాను.

నంద్యాల, ఆ తర్వాత

ఆ సాయంత్రం రూతమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇంకొక జాము ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని డాక్టరమ్మ అంది. మహానంది గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను రాయను. నీళ్లు స్వచ్ఛంగా ఉన్నాయి, మునిగాను. నా మనసు అక్కడ లేదు.

పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది? బాగా చేసినవాడికి బహుమతి ఇప్పించకపోతే నాకు నిద్ర పట్టదు. నంద్యాల సత్రంలో కూర్చుని కంపెనీ పెద్దదొరకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. సమ్మెలో ఉండి కూడా, జీతం ఆశించకుండా, ఈ అయిదుగురు మీ బండిని, మీ ప్రయాణికుల్ని కాపాడారు, వీరిని తగురీతిని సన్మానించండి అని. పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్లు, తప్పు లేకుండా. నా జీవితంలో అంత చక్కటి దస్తూరితో మరేదీ రాయలేదు.

నాలుగు నెలల తర్వాత శెట్టి దగ్గరనుంచి జాబు వచ్చింది. సమ్మె ముగిసింది. ఆ గొట్టం సంగతి బయటపడ్డాక ఘాటు బండ్లలో బ్రేకు మనుషుల్ని మళ్లీ పెట్టారు. పనివాళ్లందర్నీ తీసుకున్నారు, ఆ అయిదుగుర్ని తప్ప. పనిలో లేని రోజున బండి బ్రేకుల మీద చెయ్యి వేసినందుకట. విచారణకు వచ్చిన అధికారి గిద్దలూరులో వారం రోజులున్నాడు. ఎక్కినవాళ్లెవరో చూడలేదన్నాడు స్టేషను మాస్టరు. చూడలేదన్నాడు గార్డు. దణ్ణం పెట్టిన ఆ డ్రైవరూ చూడలేదన్నాడు. బండిలో ఉన్న వందమందీ, చివరికి సంకటి ముద్ద ఇచ్చిన ముసలమ్మ కూడా, మాకు తెలవదన్నారు. ఆఖరికి పెద్దదొర దగ్గరనుంచి వచ్చిన ఒక కాగితం తీసి అధికారి చదివాడట. అందులో పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్లు, అన్నీ ఉన్నాయి.

శెట్టి నన్ను ఒక్క మాట అనలేదు. ఖాసిం ఇప్పుడు ఆయన దుకాణం దగ్గర బస్తాలు కుడుతున్నాడనీ, యోసేపు అర్ధవీడు పోయి కూలికి రాళ్లు కొడుతున్నాడనీ రాశాడు. కింద యోసేపు చెప్పమన్న మాట: "అయ్యవారు బాధపడబాకండి. మీరు మంచికే రాసినారు. పాప బోర్లా పడతాంది."

నేను మళ్లీ కంపెనీకి ఉత్తరాలు రాశాను, మూడు. జవాబు లేదు.

ఇది చదివి మీలో ఎవరైనా గిద్దలూరు వెళితే, ఆ కొండా, ఆ వంతెనా చూసి రండి. కానీ ఇందులో ఉన్న పేర్లతో ఎవరినీ వెతకకండి, దొరకరు. ఖాసిం, యోసేపు, శెట్టి, ఇవన్నీ నేను పెట్టిన పేర్లు. అసలు పేర్లు ఒకసారి అందంగా రాశాను. అది చాలు.